కిటికీ అద్దాల మీద తెల్ల మచ్చలు: ఇంట్లో కలుపుకునే ద్రావణాల్లో నిజంగా పనిచేసేది ఏది?

తూర్పు కిటికీ (నిజాంపేట, హైదరాబాద్)
డిసెంబరు 27, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. పండుగకు ఇంకా పద్దెనిమిది రోజులుంది. బూజు దులిపాం, ఫ్యాన్లు తుడిచాం, కిటికీల దగ్గర ఆగిపోయాను.

మాది మూడో అంతస్తు. తూర్పు వైపు మూడు కిటికీలు, అల్యూమినియం చట్రాలు, పక్కకు జరిపే అద్దాలు. బాల్కనీలో మొక్కలకు పైపుతో నీళ్లు పెడతాం. ఆ తుంపర్లు నాలుగేళ్లుగా అద్దాల మీద పడుతూ, ఆరుతూ, ఇప్పుడు అద్దం నిండా తెల్లటి చుక్కలయ్యాయి. ఎవరో గుప్పెడు పిండి తీసుకుని అద్దం మీదికి ఊదినట్టుంది. పొద్దున ఎండ పడినప్పుడైతే బయట ఉన్న వేపచెట్టు కూడా సరిగా కనిపించదు. నీళ్లు బోరువి, వేసవిలో ట్యాంకరువి.

ఇప్పటిదాకా చేసింది చెబుతాను. దుకాణంలో దొరికే నీలం ద్రవం వాడితే దుమ్ము పోయింది, చుక్కలు పోలేదు. తరవాత ఒక వీడియో చూసి అరకప్పు వెనిగర్‌లో రెండు చెంచాల వంటసోడా కలిపాను. బుసబుసా పొంగింది. ఆ పొంగు చూసి సంబరపడి మూడు కిటికీలకూ పూశాను. ఆరాక చూస్తే చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి మీద కొత్తగా ఇంకో తెల్లటి పొర.

మా అత్తగారు పన్నెండో తేదీన వస్తున్నారు. ఆవిడ ఏమీ అనరు. అద్దం వైపు ఒకసారి చూసి ఊరుకుంటారు. నా భయమంతా ఆ ఊరుకోవడం గురించే.


పాత పంచె (తెనాలి)
డిసెంబరు 27, రాత్రి 10.05

పాత న్యూస్‌పేపరు, చెంబెడు నీళ్లు. మా ఇంట్లో అరవై ఏళ్లుగా ఇంతే. వెనిగర్ నూడుల్స్‌లో వేసుకునే వస్తువు.


పదకొండో అంతస్తు (గచ్చిబౌలి)
డిసెంబరు 27, రాత్రి 10.31

పంచె గారూ, మీ ఇంటి కిటికీలు ఏ రంగువో తెలియదు కానీ మావి తెల్లటి యూపీవీసీ చట్రాలు, అంటే గట్టి ప్లాస్టిక్. పేపరుతో తుడిచిన రోజున సిరా అంతా అంచులకు ఎక్కింది. అద్దం మెరిసింది, చట్రం నల్లబడింది, నా చేతులు కంపోజింగు చేసినవాడి చేతుల్లా తయారయ్యాయి. పేపరుతో నూగు అంటుకోదు, ఆ ఒక్క సుగుణం ఒప్పుకుంటాను.


పాత పంచె (తెనాలి)
డిసెంబరు 27, రాత్రి 10.44

మావి టేకు కిటికీలు. సిరా అంటినా కనిపించదు.


గుంటూరు ల్యాబ్ (గుంటూరు)
డిసెంబరు 28, ఉదయం 6.15

తూర్పు కిటికీ గారూ, ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మిమ్మల్ని మోసం చేసింది ఆ నురగ. వెనిగర్ ఆమ్లం, వంటసోడా క్షారం. రెండూ కలిస్తే ఒకదాని పని ఇంకొకటి చెడగొట్టుకుంటాయి. పొంగింది కార్బన్ డై ఆక్సైడ్, గోళీ సోడా కొట్టినప్పుడు బుస్సుమనేది కూడా అదే. అది గాలిలో కలిసిపోయాక గిన్నెలో మిగిలేది సోడియం ఎసిటేట్ అనే లవణం కరిగిన నీళ్లు. మీరు చెప్పిన కొలతలతో లెక్క వేసి చూశాను. మన దుకాణాల్లో దొరికే వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సుమారు 4 నుంచి 5 శాతం ఉంటుంది. అరకప్పులో ఐదారు గ్రాములు. రెండు చెంచాల సోడా పది గ్రాముల దగ్గర. ఈ లెక్కన ఆమ్లమంతా ఖర్చయిపోయి, సోడానే కొంచెం మిగిలింది. అంటే మీరు అద్దానికి ఆమ్లం పూయనే లేదు, ఉప్పునీళ్లు పూశారు. అవి ఆరితే వచ్చిందే ఆ కొత్త పొర. మామూలు తడిగుడ్డతో పోతుంది, కంగారు పడకండి.

ఇక అసలు చుక్కలు. బోరు నీళ్లు రాళ్ల మధ్య నుంచి వస్తూ కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లను కరిగించుకుని వస్తాయి. పాఠ్యపుస్తకంలో కఠిన జలం అని చదువుకున్నది ఇదే. చుక్క అద్దం మీద ఆరినప్పుడు నీరు ఆవిరవుతుంది, కాల్షియం కార్బొనేట్ మిగిలిపోతుంది. గీజరు కడ్డీకి గార కట్టేది, కుళాయి మూతికి తెల్లగా పట్టేది కూడా అదే పదార్థం. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటుంది. చాలా బోర్లు ఆ పై గీతను కూడా లెక్కచెయ్యవు.

గార సబ్బుకు లొంగదు. జిడ్డుకు సబ్బు, గారకు ఆమ్లం. ఈ ఒక్క ముక్క తెలియక జనం అన్నీ కలిపి పూస్తుంటారు.

ముందు పరీక్ష. ఒక చుక్క వెనిగర్‌ను, నీళ్లు కలపకుండా, ఒక మచ్చ మీద పెట్టండి. రెండు నిమిషాలాగి వేలితో రుద్దండి. మచ్చ కరిగితే మీ రోగం ఈ గార అన్నమాటే. సన్నటి బుడగలు కూడా కనిపించవచ్చు, భూతద్దం ఉంటే చూడండి, బాగుంటుంది.

తరవాత వైద్యం. వెనిగర్ ఒక గ్లాసు, నీళ్లు ఒక గ్లాసు. స్ప్రే చేస్తే నిలువు అద్దం మీద నిలవదు, జారిపోతుంది. కాబట్టి పాత బనీను గుడ్డనో చేతిరుమాలునో అందులో ముంచి అద్దానికి అంటించండి. పది పదిహేను నిమిషాలు ఆరనివ్వకుండా మధ్యలో మళ్లీ తడపండి. తీసి రుద్దండి. మొండి మచ్చలకు రెండోసారి. చివర్లో మంచినీళ్లతో కడిగి వైపరుతో లాగండి.

వెనిగర్ వాసన పడకపోతే కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడగండి, అంటే సిట్రిక్ ఆమ్లం. గ్లాసు నీళ్లకు ఒక చెంచా. వాసన ఉండదు కానీ ఒక తేడా ఉంది. వెనిగర్‌లోని ఆమ్లం ఆవిరైపోతుంది, నిమ్మ ఉప్పు ఆవిరి కాదు, అద్దం మీదే మిగులుతుంది. కాబట్టి అది వాడితే బాగా కడగాలి.


తూర్పు కిటికీ (నిజాంపేట, హైదరాబాద్)
డిసెంబరు 28, ఉదయం 8.20

మాస్టారూ, చుక్క పరీక్ష చేశాను. కరిగింది! చిన్నప్పుడు మీలాంటివారు దొరికి ఉంటే రసాయన శాస్త్రంలో ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కేదాన్ని కాదు. ఈ సాయంత్రం మొదలుపెడతాను.


వంటింటి పొగ (రాజమహేంద్రవరం)
డిసెంబరు 28, ఉదయం 11.10

నాదీ కిటికీ సమస్యే, వంటింట్లోది. పొయ్యి పక్కనే ఉంటుంది. వెనిగర్‌తో మూడుసార్లు తుడిచాను, జిడ్డు అటు నుంచి ఇటు జరుగుతోందే తప్ప పోవడం లేదు. మా ఇంట్లో రోజూ ఏదో ఒక వేపుడు ఉంటుంది, దాచడం ఎందుకు. చింతపండు పిప్పితో రుద్దమంది పక్కింటావిడ. ఇత్తడి చెంబులు దాంతోనే మెరుస్తాయి కదా అని.


గుంటూరు ల్యాబ్ (గుంటూరు)
డిసెంబరు 28, మధ్యాహ్నం 12.02

చింతపండు కూడా ఆమ్లమే అమ్మా, టార్టారిక్ ఆమ్లం. ఇత్తడి మీది చిలుమును అది కరిగిస్తుంది. మీ అద్దం మీద ఉన్నది నూనె. ఇక్కడ ఏ ఆమ్లానికీ పని లేదు, పైగా చింతపండు రసం జిగురుగా ఎండితే చీమలు వస్తాయి.

బకెట్టులో లీటరు వేడినీళ్లు, చెయ్యి పెట్టగలిగినంత వేడి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా. ముందు దాంతో తుడవండి. ఏళ్ల తరబడి పట్టిన నూనె గాలి తగిలి బంకలా గట్టిపడి ఉంటుంది, దానికి వంటసోడాను కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి పూసి పది నిమిషాలుంచి మెత్తటి గుడ్డతో రుద్దండి. వంటసోడా పలుకు గాజు కన్నా మెత్తన, గీత పడదు. బట్టల సోడా మాత్రం వద్దు. అది గట్టి క్షారం, అల్యూమినియం చట్రాన్ని తినేస్తుంది.


వంటింటి పొగ (రాజమహేంద్రవరం)
డిసెంబరు 28, మధ్యాహ్నం 3.47

అయ్యబాబోయ్, అద్దానికి అవతల కొబ్బరిచెట్టు ఉంది!

కుంకుడుకాయల పులుసుతో కూడా ఒక అద్దం చేసి చూశాను, సరదాకి. జిడ్డు పోయింది కానీ ఆ గోధుమరంగు చారలు కడగడానికి రెండు బకెట్లు పట్టింది. తలకు మంచిది, కిటికీకి అంత అవసరం లేదు.


సాగరతీరం (విశాఖపట్నం)
డిసెంబరు 28, రాత్రి 9.15

మా సంగతి వేరు. బీచికి దగ్గరగా ఉంటాం, తూర్పుగాలి తోలిన వారం రోజులకే అద్దం మసకేస్తుంది. ఇది మాస్టారు చెప్పిన గార కాదు, అచ్చమైన సముద్రపు ఉప్పు. దీనికి వెనిగరూ వద్దు, సబ్బూ వద్దు. ఉప్పు నీళ్లలో కరుగుతుంది. చెంబుతో మంచినీళ్లు పైనుంచి కిందికి పోస్తే సగం పని అయిపోతుంది.

కానీ ఒక తప్పు చేశాను, మీరెవరూ చేయకండి. పొడిగుడ్డతో పరపరా తుడిచేదాన్ని. మాకు ఉప్పుతోపాటు ఇసుక, రేవు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ము కూడా పడుతుంది. ఇప్పుడు ఎండ ఏటవాలుగా పడితే అద్దం మీద సాలెగూడులా సన్నగీతలు. అవి ఏ ద్రావణానికీ పోవు.


గుంటూరు ల్యాబ్ (గుంటూరు)
డిసెంబరు 28, రాత్రి 9.50

చాలా మంచి మాట చెప్పారు. గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు కొలిచే మోస్ కొలమానంలో కిటికీ గాజు కాఠిన్యం సుమారు 5.5. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. హైదరాబాద్ దుమ్ములోనూ గ్రానైటు పొడి ఉంటుంది, అందులో క్వార్ట్జ్ దండిగా ఉంటుంది. పొడి అద్దాన్ని పొడిగుడ్డతో తుడవడమంటే ఉప్పుకాగితంతో రుద్దడమే. ముందు మెత్తటి కుంచెతో దులపాలి, తరవాత నీళ్లు పోయాలి, ఆ తరవాతే గుడ్డ.


తూర్పు కిటికీ (నిజాంపేట, హైదరాబాద్)
డిసెంబరు 29, ఉదయం 7.05

మాస్టారూ, మంచి వార్త, చెడ్డ వార్త రెండూ ఉన్నాయి.

మొదటి కిటికీ మెరిసిపోతోంది. గుడ్డ అంటించే పద్ధతి అద్భుతం.

చెడ్డ వార్త: గుడ్డ నుంచి కారిన వెనిగర్ కిందికి జారి కిటికీ గట్టు మీద రాత్రంతా ఉండిపోయింది. గట్టు నల్ల కడప బండ, నున్నగా పాలిష్ చేసింది. ఇప్పుడు దాని మీద తెల్లగా, గరుకుగా చారలు. తడిగా ఉంటే కనిపించవు, ఆరితే మళ్లీ ప్రత్యక్షం. ఒకటి కడుగుదామని పోతే ఇంకొకటి పాడైంది. ఇప్పుడు అత్తగారికి చూడటానికి రెండు ఉన్నాయి.


గుంటూరు ల్యాబ్ (గుంటూరు)
డిసెంబరు 29, ఉదయం 7.30

తప్పు నాది. ఆమ్లం ఇచ్చి, అది ఎక్కడ కారుతుందో చెప్పలేదు. ల్యాబులో పిల్లవాడు ఇలా చేసి ఉంటే బల్ల ఎక్కించేవాణ్ణి. కడప బండ సున్నపురాయి, అంటే అదీ కాల్షియం కార్బొనేటే. అద్దం మీది గారకు ఏమైందో గట్టుకూ అదే అయింది. క్షమించండి.


బండల బేరం (తాడిపత్రి)
డిసెంబరు 29, ఉదయం 10.18

ఇది మా సరుకు గురించి కాబట్టి నేను మాట్లాడాలి. కడప బండ, తాండూరు బండ, షాబాదు బండ, బేతంచెర్ల బండ, ఇవన్నీ సున్నపురాయి జాతే. నిమ్మరసం, వెనిగర్, బాత్రూము యాసిడ్ ఏది పడినా మెరుపు పోతుంది. పాలరాయి సంగతి కూడా అంతే. గ్రానైటు తట్టుకుంటుంది. మీ గట్టు ఏ రాయో తెలియకపోతే కనపడని మూల ఒక నిమ్మచుక్క వేసి చూడండి, పొంగితే సున్నపురాయి.

మీది మరక కాదమ్మా, పైపొర కరిగిపోయింది. కాబట్టి తుడిస్తే పోదు, మళ్లీ నున్నగా చేయాలి. నీళ్లలో వాడే ఎమెరీ కాగితాలు హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతాయి. 400 నంబరు, తరవాత 800, ఆ తరవాత 1200. ఒక్కొక్క దానితో తడిపి, గుండ్రంగా, చారల అవతల నాలుగు వేళ్లు ఎక్కువ మేర రుద్దండి. నంబరు మార్చిన ప్రతిసారీ కడగండి. పాత మెరుపంతా రాకపోయినా గరుకు పోతుంది. ఆరాక గుడ్డతో రెండు చుక్కల కొబ్బరినూనె అద్దితే నలుపు తిరిగి వస్తుంది. నూనె నలుపు కొన్నాళ్లకు తగ్గుతుంది, అప్పుడు మళ్లీ అద్దుకోవాలి.

మిగతా కిటికీలకు గట్టు మీద ముందు ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద పాత తువ్వాలు చుట్టి పెట్టండి.


పాత పంచె (తెనాలి)
డిసెంబరు 29, ఉదయం 10.40

న్యూస్‌పేపరు, నీళ్లు అన్నాను. ఎవరూ వినలేదు.


మెరుపుతీగ (కరీంనగర్)
డిసెంబరు 29, మధ్యాహ్నం 1.25

వెనిగర్ ఒక్కటే ఎందుకు, దాంట్లో [ఈ వాక్యంలోని మిగతా భాగాన్ని నిర్వాహకులు తొలగించారు] కలిపితే ఇంకా త్వరగా తెల్లబడుతుంది. నేను బాత్రూము అద్దానికి వాడాను, కళ్లు కొంచెం మండాయి, అంతే.


గుంటూరు ల్యాబ్ (గుంటూరు)
డిసెంబరు 29, మధ్యాహ్నం 1.33

నిర్వాహకులు ఆ మాట తీసేసి మంచి పని చేశారు. కానీ ఎందుకు తీసేశారో అందరికీ తెలియాలి కాబట్టి చెబుతున్నాను. బ్లీచింగ్ ద్రవాన్ని గానీ బ్లీచింగ్ పొడిని గానీ వెనిగర్‌తో, నిమ్మ ఉప్పుతో, బాత్రూము యాసిడ్‌తో, ఏ ఆమ్లంతోనూ కలపకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న ద్రవాలతోనూ కలపకూడదు, క్లోరమిన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. తలుపు మూసిన బాత్రూములో ప్రాణం మీదికి వస్తుంది. కళ్లు మండాయి అన్నారే, ఆ మంట హెచ్చరిక. ఎప్పుడైనా పొరపాటున కలిస్తే పారబోయడానికి కూడా అక్కడ నిలబడకండి, బయటికి వచ్చేయండి, గాలి ఆడనివ్వండి.

ఒక సీసాలో ఒకటే ద్రవం. సీసా మీద పేరు రాసి అంటించండి. నీళ్ల సీసాలో మాత్రం పొయ్యకండి, ఇంట్లో పిల్లలు ఉంటారు.


మెరుపుతీగ (కరీంనగర్)
డిసెంబరు 29, మధ్యాహ్నం 2.10

తెలియక రాశాను మాస్టారూ. ఉన్న సీసా బయట పెట్టేశాను. మళ్లీ కలపను.


థేమ్స్ ఒడ్డు (లండన్)
డిసెంబరు 29, సాయంత్రం 6.55

ఇదంతా చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే లండన్‌కు వచ్చి కూడా నేను గారతోనే పోరాడుతున్నాను. ఇక్కడి నీళ్లు సుద్దరాతి పొరల గుండా వస్తాయి, కెటిల్ లోపల నెలకే తెల్లటి పెచ్చులు కడతాయి. ఒంగోలు బోరు నీళ్ల నుంచి పారిపోయి వచ్చాననుకున్నాను.

మా వీధిలో కిటికీలు కడిగే అతను సబ్బు గానీ వెనిగర్ గానీ వాడడు. పొడవాటి కర్ర చివర కుంచె, దానికి గొట్టం, వ్యానులో ట్యాంకు. అందులో ఉన్నది ఖనిజాలన్నీ తీసేసిన శుద్ధమైన నీరు. రుద్ది, కడిగి, తడిగానే వదిలేసి వెళ్లిపోతాడు. మొదటిసారి చూసి డబ్బులు దండగ అనుకున్నాను. గంట తరవాత చూస్తే ఒక్క చుక్క మరక లేదు. నీళ్లలో ఏమీ లేకపోతే ఆరాక మిగలడానికి ఏమీ ఉండదు కదా.

అందుకే నా సలహా, ద్రావణం ఏదైనా సరే, ఆఖరి కడుగు ఏ నీళ్లతో అన్నది చూసుకోండి. వెనిగర్‌తో గార తీసి మళ్లీ బోరు నీళ్లతోనే కడిగి వదిలేస్తే రేపటి చుక్కలకు ఇవాళే విత్తనం వేసినట్టు.


పదకొండో అంతస్తు (గచ్చిబౌలి)
డిసెంబరు 29, రాత్రి 8.12

ఇది చదివి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు తీశాను. మా బోరు 840 చూపించింది, ఆర్వో నీళ్లు 55, ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు 18. ఏసీ నీళ్లు బకెట్టు నిండా ఊరికే పోతున్నాయి! ఆర్వో నుంచి పక్కకు పోయే వృథా నీళ్లు మాత్రం 1,300. ఆదా చేద్దామని ఇన్నాళ్లూ ఆ వృథా నీళ్లతోనే కిటికీలు కడిగించాను. ఇంతకన్నా తెలివితక్కువ పొదుపు ఇంకోటి ఉంటుందా.


పాత పంచె (తెనాలి)
డిసెంబరు 29, రాత్రి 8.30

ఏసీ నీళ్లలో దుమ్ము, నాచు ఉండవా? ఫిల్టరు కడిగి ఎన్నాళ్లయిందో.


గుంటూరు ల్యాబ్ (గుంటూరు)
డిసెంబరు 29, రాత్రి 8.41

ఉంటాయి. పలుచటి గుడ్డలో వడకట్టండి, తాగడానికి వాడకండి, కిటికీకి చాలు. అవి గాలిలోని తేమ చల్లబడి కారిన నీళ్లు, రాళ్ల ముఖం చూడనివి. పట్టి ఉంచిన వాననీళ్లు కూడా అంతే. డిసెంబరులో ఏసీ వేసేవాళ్లు తక్కువ కాబట్టి ఇప్పటికి ఆర్వో నీళ్లు రెండు లీటర్లు పక్కన పెట్టుకోండి, మూడు కిటికీల ఆఖరి కడుగుకు సరిపోతాయి.


కొత్త తాళంచెవి (మంగళగిరి)
డిసెంబరు 30, ఉదయం 9.00

గృహప్రవేశం ఫిబ్రవరిలో. అద్దాల నిండా పెయింటు చుక్కలు, సున్నం మరకలు, అక్కడక్కడా సిమెంటు. మేస్త్రీ బ్లేడుతో గీకేస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?


బండల బేరం (తాడిపత్రి)
డిసెంబరు 30, ఉదయం 9.48

సున్నం మరకలు వెనిగర్‌కు పోతాయి, బండల మీద పడకుండా చూసుకోండి, ఇప్పుడే ఒక ఉదాహరణ చూశారు. పెయింటుకు బ్లేడు సరే కానీ అద్దం సబ్బునీళ్లతో బాగా తడిసి ఉండాలి, బ్లేడు కొత్తది కావాలి, ఏటవాలుగా పట్టుకుని ఒకే దిశలో తొయ్యాలి. ముందుకూ వెనక్కూ గీకితే ఇరుక్కున్న ఇసుక పలుకు అద్దం మీద గీత గీస్తుంది. అద్దం మూలలో టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచినది) అని ముద్ర ఉంటే అసలు బ్లేడు పెట్టనివ్వకండి. ఆ అద్దాల మీద తయారీలో అతుక్కున్న సన్న పలుకులు ఉండొచ్చు, బ్లేడు వాటిని లాక్కుపోతుంది.

సన్‌ఫిల్మ్ అంటించి ఉన్న వైపు బ్లేడు, స్పిరిటు, అమ్మోనియా ఏవీ వద్దు. నాలుగు చుక్కల సబ్బు వేసిన నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే.


లాంతరు వెలుగు (పార్వతీపురం)
డిసెంబరు 30, రాత్రి 7.20

గాజు తుడవడం అనగానే నాకు లాంతరు చిమ్నీ గుర్తొస్తుంది. సాయంత్రం దీపాలు పెట్టేలోపు చిమ్నీ తుడవడం నా వంతు, ఎందుకంటే ఇంట్లో అందరికన్నా నా చెయ్యే చిన్నది, లోపలికి పట్టేది. పొయ్యిలోని బూడిదను జల్లించి, పాత చీర ముక్కకు అద్ది, లోపల తిప్పితే మసి మొత్తం వచ్చేసేది. తరవాత నోటితో ఆవిరి ఊది పొడిగుడ్డతో ఒక తిప్పు. పగలగొట్టిన రోజున వీపు విమానం మోతే. కిటికీలకు ఆ బూడిద పనికిరాదా మాస్టారూ?


గుంటూరు ల్యాబ్ (గుంటూరు)
డిసెంబరు 30, రాత్రి 8.05

కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. అది క్షారం, మసిలోని జిడ్డును లాగేస్తుంది. మీరు జల్లించి వాడేవారు చూడండి, అందులోనే ఉంది విద్యంతా. జల్లించని బూడిదలో ఇసుక ఉంటుంది. చెక్క కిటికీ, మామూలు గాజు అయితే ఇప్పటికీ పనికొస్తుంది. అల్యూమినియం చట్రానికి మాత్రం తగలనివ్వకూడదు.

బూడిదకు బదులు ఇప్పుడు కార్న్‌ఫ్లోర్ ఉంది, అంటే మొక్కజొన్న నుంచి తీసిన తెల్లటి గంజిపొడి. లీటరు నీళ్లలో ఒక చెంచా కలిపి, బాగా కుదిపి చల్లి తుడిస్తే వేలిముద్రలు, మసక పోతాయి. మెత్తటి పలుకు కాబట్టి గీతలు పడవు. అడుగున పేరుకుంటుంది, ప్రతిసారీ సీసా కుదపాలి. గారను మాత్రం ఇదీ తియ్యలేదు.


వంటింటి పొగ (రాజమహేంద్రవరం)
డిసెంబరు 30, రాత్రి 9.12

నా అద్దం శుభ్రమైంది కానీ ఆరాక పొడవాటి చారలు కనిపిస్తున్నాయి. లిక్విడ్ ఎక్కువైందా?


సాగరతీరం (విశాఖపట్నం)
డిసెంబరు 30, రాత్రి 9.30

జిడ్డు తియ్యడానికి చెంచా సరే, చివరి తుడుపుకు లీటరు నీళ్లకు రెండు మూడు చుక్కలు చాలు. ఇంకో కారణం ఎండ. ఎండ పడుతున్న అద్దం మీద నీళ్లు మీరు తుడిచేలోపే ఆరిపోతాయి, చారలు మిగులుతాయి. తూర్పు కిటికీలు సాయంత్రం కడగండి, పడమటివి పొద్దున. ఇంకొక చిట్కా, లోపలి వైపు అడ్డంగా, బయటి వైపు నిలువుగా తుడవండి. చార మిగిలితే అది ఏ వైపుదో వెంటనే తెలుస్తుంది, లోపలికీ బయటికీ తిరగనక్కర్లేదు.

తొందరగా ఆరాలంటే ఆఖరున సర్జికల్ స్పిరిట్ సగం, ఆర్వో నీళ్లు సగం కలిపి తుడుస్తాను. అది మండే ద్రవం, వంటింట్లో పొయ్యి వెలుగుతుంటే దగ్గరికి తీసుకురావద్దు.


పదకొండో అంతస్తు (గచ్చిబౌలి)
డిసెంబరు 31, ఉదయం 8.50

ద్రావణాల గురించి ఇంత రాశారు, అద్దానికి బయటి వైపు ఎవరు తుడుస్తారు అన్నది ఎవరూ అడగలేదు. నిన్న మా ఎదురు టవరులో ఎనిమిదో అంతస్తు పిట్టగోడ మీద ఒక పనిమనిషి నిలబడి, ఒక చేత్తో చట్రం పట్టుకుని ఇంకో చేత్తో తుడుస్తోంది. లోపల ఇంటావిడ ఫోను మాట్లాడుతోంది. కాపలాదారుకు ఫోను చేసి దింపించాను, ఆ ఇంటావిడకు నా మీద కోపం వచ్చింది. రానివ్వండి.

జరిపే అద్దాలను చాలావరకు పైకెత్తి పట్టాల నుంచి లోపలికి తీయవచ్చు, ఇద్దరు పట్టుకోవాలి. లేదంటే పొడవు కర్ర వైపరు. రెండూ కుదరకపోతే ఆ వైపు మురికిగా ఉండనివ్వండి. ఏ పండుగా అంత పెద్దది కాదు.


తూర్పు కిటికీ (నిజాంపేట, హైదరాబాద్)
జనవరి 4, రాత్రి 10.15

మొదటి రెండు కిటికీలు కొత్తవాటిలా ఉన్నాయి. గట్టుకు కవరు, తువ్వాలు పెట్టాను, ఆఖరున ఆర్వో నీళ్లతో కడిగాను. పాడైన గట్టును మా ఆయన ఆదివారమంతా ఎమెరీ కాగితంతో రుద్దారు. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే తప్ప తెలియదు.

మూడోది లొంగడం లేదు. కుళాయికి దగ్గరగా ఉండేది అదే, నీళ్లు ఎక్కువ పడేది దాని మీదే. గార పోయింది, వేలితో తడిమితే నున్నగానే ఉంది. కానీ చుక్కల ఆకారాలు నీడల్లా అద్దంలోనే ఉన్నాయి. తడిపితే మాయం, ఆరితే ప్రత్యక్షం. ఈ మాట ఇంతకు ముందు ఎక్కడో రాశాను.


గుంటూరు ల్యాబ్ (గుంటూరు)
జనవరి 5, ఉదయం 6.10

గట్టు గురించి రాశారు. ఇదీ అలాంటిదే, ఈసారి వెనిగర్ చేసింది కాదు. ఏళ్ల తరబడి నీటిచుక్కలు ఒకే చోట నిలిచి ఆరుతుంటే ఆ నీరు గాజు పైపొరను కూడా కొద్దికొద్దిగా తింటుంది. మిగిలింది మరక కాదు, గాజులో పడిన సన్నటి గుంటలు. దీన్ని తీసే ద్రావణం ఏ వంటింట్లోనూ లేదు. అద్దాల పనివాళ్లు సీరియం ఆక్సైడ్ పొడితో, గుండ్రంగా తిరిగే మెత్తటి ప్యాడుతో పాలిష్ చేస్తారు. లోతుగా ఉంటే అదీ పూర్తిగా పనిచెయ్యదు, అద్దం పలక మార్చుకోవడమే. ముందు కుళాయి దిశ మార్చండి, లేకపోతే కొత్త పలకకూ ఇదే గతి.


తూర్పు కిటికీ (నిజాంపేట, హైదరాబాద్)
జనవరి 16, ఉదయం 9.30

మొక్కలకు పైపు మానేసి చెంబుతో పోస్తున్నాను. మూడో కిటికీకి పరదా వేశాను.

అత్తగారు వచ్చారు, పరదా జరిపి చూశారు, ఊరుకున్నారు. మర్నాడు పొద్దున వెనిగర్ సీసా పట్టుకుని గీజరు గొట్టం దగ్గర కనిపించారు. ఊళ్లో స్నానాల గది అద్దం కూడా ఇలాగే ఉందట, పద్ధతి రాసి ఇమ్మన్నారు. కడప బండ సంగతి మొదటి వాక్యంలోనే రాశాను మాస్టారూ.


తూర్పు కిటికీ (నిజాంపేట, హైదరాబాద్)
ఫిబ్రవరి 19, ఉదయం 7.15

మళ్లీ నేనే. అద్దాలు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, నాలుగు రోజులుగా ఒక తేనెపిట్ట తెల్లవారకముందే వచ్చి అందులో తన ప్రతిబింబాన్ని చూసి, వేరే పిట్ట అనుకుని ముక్కుతో టకటకా పొడుస్తోంది. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మురికిగా ఉన్నన్నాళ్లు ఈ బాధ లేదు. దీనికేమైనా ఉపాయం ఉందా?


పాత పంచె (తెనాలి)
ఫిబ్రవరి 19, ఉదయం 7.22

న్యూస్‌పేపరు. ఈసారి అద్దానికి బయటి వైపు అంటించండి.